తలుపుల్లేని జీపూ, నాలుగో గడీ

సూరత్ దగ్గర హజీరాలో ఒక పెద్ద ప్లాంటులో ముప్పై ఒక్కేళ్లు వాహనాల షెడ్డులో పనిచేశాను. చివరి పదమూడేళ్లు ఫోర్‌మన్‌ని. రిటైరయ్యాక ఉధ్నాలో ఉండే మన తెలుగువాళ్లు కొందరు, "మీ అనుభవాలు రాయండి సుధాకర్ గారూ, ఈ పనిలోకి వచ్చే పిల్లలకు ఉపయోగపడతాయి" అన్నారు. నిజంగానే అన్నారో, నా నోరు కాసేపు మూయించడానికి కాగితం చేతికిచ్చారో తెలియదు. ఇచ్చారు కాబట్టి రాస్తున్నాను.

ప్రమోషన్ల గురించి రాయను. నాకు వచ్చినవి రెండే, రెండూ నా పైవాడు మానేసి వెళ్లిపోతే వచ్చాయి. ఏ ఇంజిన్ ఎలా విప్పాలో కూడా రాయను, అది మీ ఫోన్లో నాకంటే బాగా చూపిస్తారు. ఒక జీపు గురించి రాస్తాను. దానికి రెండు పక్కలా ఉండాల్సిన రెండు అద్దాల గురించి రాస్తాను. ముప్పై ఒక్కేళ్లలో నేను నేర్చుకున్నదంతా ఆ రెండు అద్దాల్లో ఉంది. నేర్చుకుని మరిచిపోయింది కూడా వాటిలోనే ఉంది.

దేశాయి సాహెబ్ వేళ్లు

నేను చేరినప్పుడు షెడ్డుకు పెద్ద దేశాయి సాహెబ్ అని ఒక సూరత్ ముసలాయన. ఆయనకు కాగితమంటే అసహ్యం. బండి బయటికి వెళ్లే ముందు డ్రైవరును సీట్లో కూర్చోబెట్టి, తను వెళ్లి బండి వెనక ఒక మూల నిలబడేవాడు. చెయ్యెత్తి, "ఎన్ని వేళ్లు?" అని అరిచేవాడు. డ్రైవరు పక్క అద్దంలో చూసి "మూడు" అనాలి. తర్వాత రెండో మూలకు వెళ్లేవాడు. మళ్లీ "ఎన్ని?" డ్రైవరు తప్పు చెబితే అద్దం సరిచేసేదాకా బండి కదిలేది కాదు. వర్షమైనా, ఎండైనా, పై ఆఫీసరు వాచీ చూసుకుంటున్నా సరే.

మాకందరికీ నవ్వులాటగా ఉండేది. ఒకసారి ఒక డ్రైవరు ఎన్ని వేళ్లన్నా "అయిదు" అంటూ పోయాడు, ఏదో ఒకసారి తగలకపోతుందా అని. దేశాయి సాహెబ్ పిడికిలి బిగించి చూపించాడు. "అయిదు" అన్నాడు వీడు. ఆ రోజంతా వాడిచేత గ్రీజు తుడిపించాడు.

ఆయన వెళ్లిపోయాక, కొన్నేళ్లకు నేను ఫోర్‌మన్ అయ్యాక, మొదట చేసిన ఘనకార్యం ఆ వేళ్లను రద్దు చేయడం. ఇది ఆధునిక యుగం అనుకున్నాను. ఒక చీటీ తయారు చేశాను. ఒకటి టైర్లు, రెండు బ్రేకు, మూడు హారను, నాలుగు కాచ్, అయిదు లైట్లు. ఎదురుగా గడి. డ్రైవరు ప్రతి ఉదయం టిక్కు పెట్టాలి, కింద నేను సంతకం పెట్టాలి. అందరికీ తెలిసే భాష హిందీ కాబట్టి హిందీలో రాశాను. ఆ చీటీకి ఆడిట్ వాళ్లు మెచ్చుకుంటూ ఒక ఉత్తరం కూడా ఇచ్చారు. దాన్ని ఫ్రేము కట్టించి షెడ్డులో తగిలించాను.

నాలుగో గడి గుర్తుపెట్టుకోండి. అందులో "కాచ్" అని రాశాను. నా బుర్రలో ఉన్న మాట మన "అద్దం". ముందున్న గాజూ అద్దమే, పక్కన వెనకదారి చూపించేదీ అద్దమే, గోడకు తగిలించుకుని తల దువ్వుకునేదీ అద్దమే. తెలుగువాడికి అన్నిటికీ ఒకే మాట చాలు. ఆ ఒక్క మాటనే నేను హిందీలోకి మార్చి, ఒక్క గడిలో కూర్చోబెట్టాను. అంతా ఇమిడిందని సంతోషించాను.

తలుపు లేకపోతే పిడి ఎక్కడిది

కరోనా వచ్చింది. మొదటి లాక్‌డౌన్‌లో సూరత్ నుంచి కూలీలు మూటలు కట్టుకుని వెళ్లిపోయారు, వడోద్ వైపు గదులకు గదులు తాళాలు పడ్డాయి. ప్లాంటు మాత్రం ఆగకూడదు కాబట్టి ఆగలేదు. వర్షాకాలం మొదలయ్యేసరికి మళ్లీ అందరం డ్యూటీలో ఉన్నాం, మూతికి గుడ్డ, నుదుటికి జ్వరం చూసే తుపాకీ.

అప్పుడు మాకు పరిపాలన విభాగానికి పెద్ద మూర్తిగారు. కృష్ణా జిల్లా మనిషి. చదువుకున్నవాడు, మర్యాదస్తుడు, ఎవరినీ "నువ్వు" అనడు. ఆయనకు ఉన్న ఒకే ఒక్క జబ్బు ఆలోచనలు రావడం. కరోనా రోజుల్లో ఆ జబ్బు ముదిరింది. బాత్రూము గడియను మోచేత్తో తీసే కొక్కెం పెట్టించాడు, నలుగురికి మోచేతులు గీసుకుపోయాయి. లిఫ్టు మీటలు నొక్కడానికి పళ్లు కుట్టుకునే పుల్లలు పెట్టించాడు, మధ్యాహ్నానికల్లా అవి అందరి పళ్లలోనూ ఉన్నాయి.

ఆ తర్వాత ఆయన చూపు నా జీపు మీద పడింది.

అది బురదలోనూ ఇసుకలోనూ తిరిగే బండి. సముద్రం వైపు పైపులైను వెంట గస్తీకి వాడేవాళ్లం. కావాలంటే పైకప్పు గుడ్డ విప్పొచ్చు, తలుపులు ఊడదీయొచ్చు, ముందు గాజు ఫ్రేమును బానెట్టు మీదికి పడుకోబెట్టొచ్చు. కరోనా వచ్చాక దాని వెనక నీలం డ్రమ్ము ఒకటి ఎక్కించి, ప్లాంటంతా మందు కొట్టడానికి వాడుతున్నారు. రోజుకు పాతికసార్లు ఎక్కడం, దిగడం. ఎక్కి దిగిన ప్రతిసారీ తలుపు పిడిని శానిటైజరుతో తుడవాలని రూలు. తుడిచేవాళ్లు లేరు.

మూర్తిగారు వీడియో మీటింగులో గొంతు సవరించుకుని అన్నారు. "తుడవడం ఎందుకండీ? తలుపే తీసేస్తే పిడి ఎక్కడిది? పిడే లేకపోతే వైరస్ ఎక్కడ కూర్చుంటుంది? పైగా గాలి ఆడుతుంది."

పధ్నాలుగు గళ్లలోంచి పధ్నాలుగు జతల చేతులు చప్పట్లు కొట్టాయి. అందులో నావీ ఉన్నాయి. ఒకరిద్దరి మైకులు ఆపేసి ఉన్నాయి, చప్పుడు రాలేదు. నా మైకు కూడా ఆపేసే ఉంది. ఆలోచిస్తే, నా సర్వీసులో ఎక్కువ భాగం అది ఆపేసే ఉందనిపిస్తుంది.

తలుపులు ఊడదీయడానికి ఇరవై నిమిషాలు పట్టింది. బందుల్లోంచి మేకులు లాగాను, పట్టీ విప్పాను, రెండు తలుపులూ గోడకు ఆనించి పాత భద్రతా వారోత్సవాల బ్యానరు కప్పాను. పక్క అద్దాలు తలుపులకే బిగించి ఉంటాయి. తలుపులతో పాటు అవీ వెళ్లి బ్యానరు కింద పడుకున్నాయి.

నాకు కనిపించలేదని అబద్ధం ఆడను. కనిపించింది. మూర్తిగారికి ఫోను చేసి చెప్పాను కూడా.

"అద్దాలు వేరే చోట బిగించాలి సార్, రెండు పట్టీలు కొయ్యాలి, ఒక పూట పని."

"ప్లాంటు లోపలే కదండీ తిరిగేది, ఇరవై స్పీడులో! పైగా తలుపే లేదు, తల తిప్పితే ప్రపంచమంతా కనిపిస్తుంది" అన్నారాయన.

"అంతే సార్" అన్నాను.

ఆ జీపు నడిపేది సత్తయ్య. సిరిసిల్ల నుంచి చిన్నప్పుడే మగ్గాల పనికి వచ్చి, తర్వాత డ్రైవరైనవాడు. పొట్టి మనిషి. సీటు మీద తువ్వాలు మడతపెట్టి, దాని మీద కూర్చుని నడుపుతాడు. మొదటి రోజే జీపు చుట్టూ ఒకసారి తిరిగి నా దగ్గరికి వచ్చాడు.

"ఏంది సారూ గిది? అద్దాలేడ వోయినయి?"

"తలుపులతో పోయాయి. లోపలి అద్దం ఉంది కదా, దాంతో సరిపెట్టుకో."

"లోపటి అద్దంల డ్రమ్మే కనవడ్తది సారూ. ఎన్కకెల్లి ఏనుగొచ్చినా ఎర్కగాదు."

"కొన్నాళ్లే సత్తయ్యా."

సత్తయ్య తువ్వాలు సరిచేసుకుని ఎక్కాడు. వర్షానికి ఒళ్లో నీళ్లు నిలిచేవి. మూర్తిగారు కోరుకున్న గాలి మాత్రం పుష్కలంగా ఆడింది. తడిసి తుమ్మిన ప్రతి మనిషినీ పరీక్షకు పంపేవాళ్లు.

ప్రతి ఉదయం సత్తయ్య ముందు గాజు తుడిచి, నాలుగో గడిలో టిక్కు పెట్టేవాడు. కాచ్ బాగుంది. నిజమే, ముందు గాజు తళతళలాడేది. నేను కింద సంతకం పెట్టేవాడిని. పదకొండు రోజులు పెట్టాను.

మలుపు

పన్నెండో రోజు పొద్దున, క్యాంటీను దాటాక పంపుహౌసుకు తిరిగే ఎడమ మలుపు దగ్గర, సత్తయ్య జీపు తిప్పాడు. పక్క సీట్లో మందు కొట్టే మనిషి తల నుంచి కాళ్ల దాకా తెల్ల ప్లాస్టిక్ తొడుక్కుని కూర్చున్నాడు. ఎడమ వైపు ప్రపంచమంతా ఆ ప్లాస్టిక్కే. దాని అవతల, సైకిలు మీద టీ క్యాను కట్టుకుని, కాంతిభాయ్ వెనక నుంచి వస్తున్నాడు.

కాంతిభాయ్ క్యాంటీను టీ మనిషి. ఇరవై ఏళ్లుగా ప్లాంటులో ఆయన టీ తాగనివాడు లేడు. జీపు ముందు చక్రం సైకిలును తోసింది, వెనక చక్రం ఆయన పాదం మీదికి ఎక్కింది. నేను పరిగెత్తుకుంటూ వెళ్లేసరికి రోడ్డు మీద టీ వరదలా పారుతోంది, అల్లం వాసన. సత్తయ్య రోడ్డు మీద కూర్చుని కాంతిభాయ్ తలను ఒళ్లో పెట్టుకుని ఏడుస్తున్నాడు. మాస్కు గడ్డం కిందికి జారిపోయింది. దూరం పాటించాలని గుర్తుచేయడానికి ఒక సెక్యూరిటీ మనిషి వచ్చాడు. నేను అతన్ని అన్న మాట ఇక్కడ రాయను.

పాదంలో మూడు ఎముకలు విరిగాయి.

"చూస్తానండీ"

మర్నాడు ఉదయం మూర్తిగారు పిలిచారు. ఆయన బల్లకూ నా కుర్చీకీ మధ్య పారదర్శకమైన ప్లాస్టిక్ తెర వేలాడుతోంది. తెర మీద ఫ్యాను గాలి పడి ఆయన ముఖం కదిలిపోతూ ఉంది.

"సుధాకర్ గారూ, ఆ అద్దాలు ఎప్పుడో బిగించేశారు కదా?"

"లేదండీ."

"బిగించారు. తలుపులు తీసిన రోజే బిగించారు. కాస్త గుర్తు తెచ్చుకోండి."

నేను గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నిస్తున్నట్టు ముఖం పెట్టాను. మాస్కు ఉంది కాబట్టి సగం ముఖమే పెట్టాల్సి వచ్చింది.

"రేపు విచారణకు వేరే యూనిట్ నుంచి భద్రతాధికారి వస్తోంది. ఇవాళ మధ్యాహ్నానికి అద్దాలు ఉండాలి. ఇదిగో పని చీటీ. తలుపులు తీసిన నాటి తేదీ వేయించాను, మీరు సంతకం పెడితే చాలు. అద్దాలున్నాయి, డ్రైవరు చూసుకోలేదు. ఇంతేనండీ విషయం. పైగా వాడే రోజూ టిక్కు పెట్టాడు."

"సత్తయ్య ఉద్యోగం?"

"కాంట్రాక్టరు మనిషే కదా! పంపేస్తారు. మీకు ఇంకా ఎన్నాళ్లుంది సర్వీసు?"

"ఏడు నెలలండీ."

"హాయిగా వెళ్లిపోండి."

నేను చీటీ తీసుకుని జేబులో పెట్టుకున్నాను. "చూస్తానండీ" అన్నాను. తెలుగు ఉద్యోగి నోట్లోంచి ఇంతకంటే పనికొచ్చే మాట ఇంకోటి రాదు. ఒప్పుకున్నట్టు వాళ్లకు వినిపిస్తుంది, ఒప్పుకోలేదని మనకు అనిపిస్తుంది. ఆ మాట మీద నేను ముప్పై ఏళ్లు బతికాను.

రెండు పట్టీలు

ఇక పని. ఏ ఉద్దేశంతో చెప్పినా పని పనే కాబట్టి, తలుపుల్లేని బండికి అద్దం ఎక్కడ పెట్టాలో మీకు చెబుతాను. ఇది మాత్రం శ్రద్ధగా చదవండి.

అందరికీ ముందు తట్టేది ముందు గాజు ఫ్రేము. పై మూలన బిగిస్తే అందంగా ఉంటుంది. నేనూ మొదట అక్కడే పెట్టి, ఇంజిన్ ఆన్ చేశాను. ఫ్రేము వణికి అద్దంలో ఒక్కో మనిషి ముగ్గురిలా కనిపించాడు. పైగా ఎవరైనా ఫ్రేమును పడుకోబెడితే అద్దాలు కూడా వెల్లకిలా పడుకుని ఆకాశం చూస్తాయి. విమానం వెనక నుంచి గుద్దకుండా చూసుకోవడానికి తప్ప పనికిరావు.

తర్వాత కొంచెం ముందుకు, బానెట్టు పక్కన పట్టుకుని చూశాను. అక్కడ వణుకు లేదు. కానీ డ్రైవరు దాన్ని ముందు గాజు మూలలోంచి చూడాలి, వైపరు ఆ మూలకు చేరదు. సూరత్ వానలో అద్దంలోంచి అద్దం చూడాలన్నమాట. రెండూ తడిసి రెండూ గుడ్డివే.

చివరికి ఫ్రేము కింద, బందు బాడీకి బిగించి ఉండే చోట ఒక బోల్టు ఉంటుంది. బందులో కదలని సగం అది. ఆ బోల్టు తీసి పొడుగుది వేసి, మందపాటి ఇనుప పట్టీ కోసి, వంచి, తలుపు ఉండాల్సిన ఖాళీలోకి వెనక్కి వచ్చేలా బెత్తెడు చెయ్యి చేశాను. పట్టీకీ బాడీకీ మధ్య పాత ట్యూబు రబ్బరు ముక్క. అదిరినా వదులుకాని నట్టు. ఎడమ వైపుకు ఉబ్బు గాజు ఉన్నదే పెట్టాలి. తలుపు మీద ఉన్నప్పటి కోణం ఇక్కడ పనికిరాదు, అద్దం కంటికి దూరమైంది కాబట్టి కొత్తగా తిప్పుకోవాలి.

తిప్పడం నా కంటికి కాదు, నడిపేవాడి కంటికి. నేను పొడుగు. అందుకే గేటు దగ్గర కూర్చోబెట్టిన సత్తయ్యను పిలిపించాను. తువ్వాలు మడతపెట్టి ఎక్కి కూర్చున్నాడు. నేను ఎడమ వైపు నిలబడి అద్దం కొంచెం కొంచెం తిప్పుతున్నాను. ఆయన అద్దంలోకి చూస్తూనే మాట్లాడాడు, నా వైపు తిరగలేదు.

"సారూ, నేను అడిగిన గద మిమ్ముల. అద్దాలేడ వోయినయని అడిగిన గద."

"అడిగావు."

"లోపటి అద్దంతోని సరిపెట్టుకోమన్నరు."

"అన్నాను."

"గా ముచ్చట రేపు చెప్తరా సారూ? నా నౌకరి వోతే ఇంట్ల ఎవ్వలకూ పని లేదు. అల్లుని మగ్గాలు బందువడి నాలుగు నెలలాయె, ఊకెనే కూసుంటుండు. జర చెప్పుండ్రి సారూ."

"చూస్తాను సత్తయ్యా" అన్నాను.

అన్నాక సిగ్గేసింది. మూర్తిగారికిచ్చిన మాటనే ఈయనకూ ఇచ్చాను. ఒకే మాటను రెండు వైపులా బిగించాను.

మూడు గంటలకు పని అయిపోయింది. ఇక రంగు వేయాలి. నల్లరంగు డబ్బా మూత తీసి, పుల్లతో కలిపాను. కోసిన ఇనుము అంచులు తెల్లగా మెరుస్తున్నాయి. హజీరా గాలిలో ఉప్పుంటుంది, పైగా వానాకాలం. పచ్చి ఇనుము నాలుగు రోజుల్లో ఎర్రబడుతుంది, పది రోజులకు పెచ్చులు లేస్తుంది. రంగు వేస్తే నిన్న కోసిందో, నెల కింద కోసిందో బ్రహ్మదేవుడికి కూడా తెలియదు. వేయకపోతే చూడ్డం వచ్చినవాడికి ఇట్టే తెలుస్తుంది.

డబ్బా మూత మళ్లీ పెట్టేశాను. దీన్ని ధైర్యం అనుకోకండి. నా నోరు చెప్పలేనిది ఇనుము చెబుతుందేమోనని ఇనుము మీదికి తోసేశాను, అంతే.

కాచ్ అలగ్, అరీసో అలగ్

సాయంత్రం కాంతిభాయ్‌ని చూడ్డానికి ఉన్ అనే పేటకు వెళ్లాను. ఒకటే గది. ఆస్పత్రుల్లో మంచాలు కరోనావాళ్లకే చాలడం లేదని కట్టు కట్టి ఇంటికి పంపేశారు. కాలు దిండ్ల మీద పెట్టుకుని కూర్చున్నాడు. వాళ్లావిడ టీ ఇచ్చింది. ప్లాంటులో ఆయన ఇచ్చే టీ కంటే బాగుంది, ఆ మాట చెబితే ఇద్దరూ నవ్వారు.

కాసేపటికి కాంతిభాయ్ తనంతట తనే ఆ మాట ఎత్తాడు. "సత్తయ్యను ఏమీ అనకండి సాహెబ్. వాడు చూశాడు."

"ఎలా చూస్తాడు? అద్దాలు లేవుగా?"

"తిప్పే ముందు వాడి తల ఎడమకు తిరిగింది. సరిగ్గా అద్దం ఉండే చోటికి తిరిగింది. అలవాటు కదా! నేను కళ్లారా చూశాను. చూశాడు కాబట్టి ఆగుతాడనుకుని నేను ముందుకొచ్చాను."

నేను టీ కప్పు కింద పెట్టేశాను. పాతికేళ్ల అలవాటుతో ఆ మనిషి ఖాళీలోకి చూశాడు. ఆ ఖాళీని చేసింది నేను.

ఏదో ఒకటి మాట్లాడాలని, "చీటీలో మాత్రం రోజూ కాచ్ ఠీక్ అని టిక్కు ఉంది" అన్నాను.

కాంతిభాయ్ చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెప్పాడు. "అరె సాహెబ్, కాచ్ అలగ్, అరీసో అలగ్. ముందుకు చూసేది కాచ్. వెనక్కి చూపించేది అరీసో. మా గుజరాతీలో రెండూ వేరు. మీ భాషలో ఒకటేనా?"

ఒకటే అన్నాను. ఆయన జాలిగా తల ఊపాడు. పదమూడేళ్లు నేను సంతకం పెట్టిన గడిలో ఏముందో, ఏం లేదో, టీ అమ్మే మనిషి కట్టు కాలితో కూర్చుని విప్పి చెప్పాడు. ఆడిట్ వాళ్ల ఫ్రేము ఇంకా షెడ్డు గోడ మీదే ఉంది.

పచ్చి ఇనుము

విచారణకు వచ్చిన భద్రతాధికారి హేతల్‌బెన్. సన్నగా, కళ్లద్దాలు, వాటి మీద మాస్కు ఆవిరి. వాన తెరిపి ఇచ్చినప్పుడు జీపు చుట్టూ మనిషికీ మనిషికీ ఆరడుగులు వదిలి నిలబడ్డాం. మూర్తిగారు చక్కటి హిందీలో చెప్పుకుపోతున్నారు. తలుపులు తీసిన రోజే దూరదృష్టితో అద్దాలు మార్చాం, మా ఫోర్‌మన్ చాలా అనుభవజ్ఞుడు, దురదృష్టవశాత్తూ డ్రైవరు వాటిని ఉపయోగించుకోలేదు. సత్తయ్య దూరంగా, చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. వింటున్నాడు కానీ నన్నే చూస్తున్నాడు.

హేతల్‌బెన్ ఎడమ అద్దం దగ్గరికి వెళ్లి వంగింది. చేతి తొడుగు తీసేసి, పట్టీ అంచు వెంట వేలు రాసింది. వేలు చూసుకుంది. మళ్లీ రాసింది.

"సుధాకర్‌భాయ్, ఈ పట్టీ ఎప్పుడు కోశారు?"

ఇనుము చెప్పాల్సింది చెప్పేసింది. ఇక నేను ఊరుకున్నా ఆమెకు తెలిసిపోయింది. కానీ ఆమె ఇనుమును అడగలేదు, నన్ను అడిగింది. మూర్తిగారు నా వైపు చూసి, కళ్లతోనే ఏడు నెలలు గుర్తుచేశారు.

"నిన్న, మేడమ్" అన్నాను. గొంతు మాస్కులోనే ఉండిపోయిందేమోనని మాస్కు కిందికి లాగి మళ్లీ అన్నాను. "నిన్న మధ్యాహ్నం కోశాను. ప్రమాదం జరిగిన మర్నాడు. తలుపులు తీయమన్నారు, నేను తీశాను. అద్దాలు ఏవని డ్రైవరు అడిగాడు, లేకుండానే నడపమన్నాను. ఆ నాలుగో గడి రాసిందీ నేనే. అందులో ఈ అద్దాలు లేవు. అతను అబద్ధం టిక్కు పెట్టలేదు. నేనే తప్పు ప్రశ్న అడిగాను."

జేబులోంచి పని చీటీ తీసి ఇచ్చాను. తేదీ ఉంది, సంతకం లేదు. హేతల్‌బెన్ దాన్ని మడతపెట్టి ఫైల్లో పెట్టుకుంది. ఆరడుగుల దూరంలో మూర్తిగారి ఊపిరి నాకు వినిపించింది.

ఆ తర్వాత ఏం జరిగిందో తెలుసుకోవాలని మీకు ఉంటుంది. సత్తయ్య ఎనిమిది రోజులు ఇంట్లో కూర్చుని తిరిగి డ్యూటీకి వచ్చాడు. నా ఫైల్లో ఒక హెచ్చరిక ఉత్తరం పడింది, దాన్ని కూడా ఫ్రేము కట్టించాలనుకున్నాను కానీ మా ఆవిడ ఒప్పుకోలేదు. మూర్తిగారికి ఏం కాలేదు. తర్వాతి భద్రతా వారోత్సవాల్లో "తలుపుల్లేని వాహనాలకు అద్దాల పునఃస్థాపన" అనే నూతన ఆవిష్కరణకు ఆయన ప్రశంసాపత్రం అందుకున్నారు, వీడియోలో. నేనూ చప్పట్లు కొట్టాను. ఈసారి మైకు ఆన్‌లో ఉంది, నా ఒక్కడి చప్పట్లే వినపడ్డాయి, కొంచెం ఆలస్యంగా.

చీటీ మార్చాను. కాచ్ ఒక గడి, అరీసో ఇంకో గడి. అది కూడా చాలదు. చీటీ ఎంత బాగా రాసినా టిక్కు పెట్టేవాడు పెడుతూనే ఉంటాడు, సంతకం చేసేవాడు చేస్తూనే ఉంటాడు. అందుకే దేశాయి సాహెబ్ పద్ధతి మళ్లీ మొదలుపెట్టాను. బండి వెనక మూల నిలబడి అరిచేవాడిని. నా వేళ్లు చూసి కుర్రవాళ్లు నవ్వేవాళ్లు. నవ్వనిచ్చాను. మీరు ఈ పనిలోకి వస్తే, అద్దం బాగుందా అని ఎవరినీ అడగకండి. అద్దంలో ఏం కనిపిస్తోందని అడగండి.

నా ఆఖరి రోజు కరోనా రెండో అల మొదలవుతున్న రోజుల్లో పడింది. సభ లేదు, శాలువా లేదు, ఎవరి చేతికీ ఎవరూ చెయ్యి ఇవ్వలేదు. గేటు దాకా జీపులో దింపుతానని సత్తయ్య పట్టుబట్టాడు. తలుపులు ఇంకా లేవు, నేను బిగించిన అద్దాలే ఉన్నాయి, పట్టీ అంచులు బాగా ఎర్రబడ్డాయి. రంగు వేయలేదు, వేయనివ్వలేదు. పక్క సీట్లో కూర్చుని, అలవాటు కొద్దీ అడిగాను.

"ఎడమ అద్దంలో ఏం కనిపిస్తోంది సత్తయ్యా?"

సత్తయ్య చూశాడు. జీపు గేరు తీసేశాడు.

"కాంతిభాయ్ సారూ. సైకిలు తోలుతలేడు, నూకుకుంట వస్తుండు. కాలు ఇంక సాపుగ వడ్తలేదు."

ఆయన మా పక్క నుంచి, క్యాను పట్టుకుని, కుంటుకుంటూ మలుపు దాటి వెళ్లేదాకా జీపు కదల్లేదు.